ఒకటి తీసి రాయండి

ముప్పై మూడేళ్ల నాలుగు నెలల ఉద్యోగంలో నా కొలత తప్పని ఎవరూ రుజువు చేయలేకపోయారు. ప్రయత్నించినవాళ్లు ఏడుగురు. ముగ్గురు కాంట్రాక్టర్లు, ఇద్దరు మేస్త్రీలు, ఒక సెక్షన్ ఆఫీసరు, ఒకసారి మా ఆయన. చివరికి ఆ తప్పు రిటైరైన ఆరో ఏట, జీతం లేని ఒక్క రోజు పనిలో జరిగింది. పట్టుకున్నది కూడా నేనే. అందుకు సంతోషించడానికేం లేదు. నేను పట్టుకునేసరికి నలుగురు ఆడపిల్లల నాలుగు నెలల కష్టం మట్టిలో పడి ఉంది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు, అందులోనూ కొలిచేవాళ్లు, లెక్క కట్టేవాళ్లు, ఎదుటివాళ్ల కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. ముందు నా పని పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

నేను నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. బల్ల దగ్గర కూర్చుని గీతలు గీయాల్సిన ఉద్యోగమే గానీ, మనుషులు చాలక కాలువల మీదికి కొలతలకు నన్నూ పంపేవారు. నా దగ్గర మీటరు పొడవున్న స్టీలు స్కేలు ఒకటి ఉండేది. కాంక్రీటు మీద నిలబెట్టి నిలబెట్టి దాని సున్నా వైపు చివర అరిగిపోయింది. అరిగిన చివర నుంచి కొలిస్తే తేడా వస్తుంది కాబట్టి నేను ఒకటో సెంటీమీటరు గీత దగ్గర మొదలుపెట్టేదాన్ని. అవతలి చివర ఏ అంకె కనబడితే అది పైకి చదివేదాన్ని. పుస్తకం పట్టుకున్న మనిషి అందులో ఒకటి తీసి రాసుకోవాలి. కాలువ కాపలా చూసే లస్కర్లు దీన్ని "మేడమ్ గారి ఒకటి" అనేవాళ్లు. కొత్తగా ఎవరు పుస్తకం పట్టుకున్నా, "మేడమ్ గారి ఒకటి మర్చిపోమాకయ్యా" అని వాళ్లే చెప్పేవారు. ఇన్నేళ్లలో నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

రెండో అలవాటు, చదివిన అంకెను మనసులో ఉంచుకోకపోవడం. అంకె నోట్లోంచి బయటికి వదిలితే నా పని అయిపోయినట్టే. అది హద్దులో ఉందా లేదా అని చూడటం రాసే మనిషి పని. ఎంత రావాలో ఆలోచిస్తూ కొలిస్తే కన్ను అటే వాలుతుందని నన్ను పనిలో పెట్టిన పెద్దాయన చెప్పేవారు. రెండూ మంచి అలవాట్లే. ఇప్పటికీ అదే అంటాను.

గత ఫిబ్రవరి మొదటి వారంలో మా తిరువూరు బయట ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ నుంచి మెకానికల్ విభాగం అధిపతి మా ఇంటికి వచ్చారు. నలభై లోపు మనిషి. చుట్టుపక్కల కాలేజీల, పాలిటెక్నిక్‌ల పిల్లలకు ఒక పోటీ పెడుతున్నామని, చేత్తో తోసుకుపోయే విత్తనాల బండి తయారుచేయాలని చెప్పారు.

"మీరు కొలతల దగ్గర కూర్చుంటే చాలు మేడమ్."

"మీ దగ్గర లెక్చరర్లు లేరా?"

"ఉన్నారండి. వాళ్లు కొలిస్తే పిల్లలు బేరమాడతారు. మీరైతే ఆడరు."

"నా సంగతి మీకెవరు చెప్పారు?"

"మా మావయ్య కాంట్రాక్టరండి. ఎ.కొండూరు దగ్గర తూము గోడ ఆయన చేత రెండుసార్లు కట్టించారంటగా."

"మూడుసార్లు," అన్నాను.

ఆయన నవ్వారు. కాలేజీలో లేజరుతో కొలిచే పరికరం ఉందని, మీట నొక్కితే అంకె చూపిస్తుందని కూడా చెప్పారు. నా స్కేలు నేను తెచ్చుకుంటానన్నాను. ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎవరి మీదో రాయనక్కర్లేదు.

పోటీ మూడో శనివారం. ఉదయం ఎనిమిదింబావుకి కాలేజీకి చేరాను. పదిహేను జట్లు వచ్చాయి. నియమాలు తేలికే. మొక్కజొన్న సాలుకూ సాలుకూ మధ్య అరవై సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి బండి వెడల్పు, ఇరుసు కొసలతో కలిపి, అరవై దాటకూడదు. దాటితే అరగంటలో సరిచేసుకుని మళ్లీ కొలిపించుకోవచ్చు. ఆ తర్వాత దున్నిన మట్టిలో పదిహేను మీటర్లు తోయాలి. ఇరవై సెంటీమీటర్లకు ఒక గింజ పడాలి. అంటే డెబ్బై అయిదు ఎడాలు, డెబ్బై ఆరు గింజలు. ఈ రెండిటికీ తేడా తెలియని లెక్చరర్లు ఆ రోజు ఇద్దరు కనబడ్డారు. సరిగ్గా పడిన ఎడాలను లెక్కపెట్టి మార్కులు వేస్తారు. మొదటి రెండు జట్లు విశాఖపట్నంలో జరిగే రాష్ట్ర పోటీకి వెళతాయి.

నా పక్కన రాయడానికి ఒక కుర్ర లెక్చరర్‌ను కూర్చోబెట్టారు. "సార్, నేను చదివినదాంట్లో ఒకటి తీసి రాయండి" అని చెప్పి, ఎందుకో కూడా స్కేలు చివర చూపించి చెప్పాను. ఆయన బుద్ధిమంతుడు. ప్రతి అంకె తర్వాతా "ఒకటి తీశానండి" అని పైకి చెప్పేవాడు. పది జట్లు అలా అయ్యాయి. పదకొండూ పదికి పొలం దగ్గర మట్టి చదును చేయించడానికి ఆయన్ని పిలిచారు. ఆయన చోట్లోకి ఒక లెక్చరరమ్మ వచ్చింది. వస్తూ వస్తూ నాకు టీ తెచ్చింది.

"ఎలా ఉంది మేడమ్ టీ?"

చక్కెర ఎక్కువైందని చెప్పాను. ఒకటి తీయాలని చెప్పలేదు.

తర్వాత వచ్చిన మూడు జట్ల బళ్లూ సన్నవి. యాభై దాటినవి కూడా కావు. ఒక సెంటీమీటరు ఎక్కువ రాసినా వాటికి నష్టం లేదు. మధ్యలో పాత జట్టు ఒకటి బండికి పిడి మార్చుకుని వస్తే నియమం ప్రకారం దాన్నీ మళ్లీ కొలిచాను. పద్నాలుగో జట్టు నలుగురు ఆడపిల్లలు, పాలిటెక్నిక్‌లో ఆఖరు సంవత్సరం. వాళ్లలో పెద్దమ్మాయిలా కనబడిన పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. ఆ పిల్లది పెనుగొలను. వాళ్ల నాన్న కౌలుకు మొక్కజొన్న వేస్తాడని తర్వాత తెలిసింది. ఆఖరు సంవత్సరం కాబట్టి వాళ్లకు మళ్లీ ఏడు పోటీ అనేది లేదు.

బండి నాకు చూడగానే నచ్చింది. నచ్చిందని చెప్పడం నా పని కాదు కాబట్టి చెప్పలేదు. గింజల పెట్టె నూనె డబ్బా. గింజల్ని ఒక్కొక్కటిగా వదిలే పళ్లెం, అన్నం తినే స్టీలు కంచాన్ని గుండ్రంగా కోసి చుట్టూ బెజ్జాలు వేసింది. చెక్క చక్రాలకు సైకిలు ట్యూబు ముక్కలు బిగించారు. ఇరుసుకు రెండు కొసల్లోనూ చిన్న బెజ్జం, అందులో చక్రం జారకుండా పిన్ను.

ఇరుసు కొస నుంచి కొసకు స్కేలు పెట్టి, "అరవై పాయింట్ ఆరు" అని చదివాను.

"ఆరు మిల్లీమీటర్లు ఎక్కువుంది మేడమ్," అంది లెక్చరరమ్మ.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివర నిలబడ్డ పిల్ల "అదేంటే, మనం..." అంటూ ఏదో మొదలుపెట్టింది. పెద్దమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, నాతో అంది.

"మేడమ్, ఇంకొకసారి చూస్తారా?"

చూశాను. అదే వచ్చింది. రాకేం చేస్తుంది? రెండోసారీ ఒకటి నుంచే కదా మొదలుపెట్టాను.

"స్కేలు మనిషిని చూసి మాట మార్చదమ్మా," అన్నాను.

లెక్చరరమ్మ నవ్వింది. పెద్దమ్మాయి "సరేనండి" అని బండిని చెట్టు కిందికి తోసుకుపోయింది. అప్పుడు టైము పదకొండూ నలభై.

నా కుర్చీలోంచి వాళ్లు కనబడుతూనే ఉన్నారు. ఒక పిల్ల ఇరుసును రాయికి అదిమిపెట్టి కూర్చుంది, ఒక పిల్ల రంపంతో కోసింది, ఇంకొక పిల్ల బాటిల్లోంచి నీళ్లు పోసింది. రెండు కొసలా కాస్త కాస్త కోస్తే రెండు బెజ్జాలూ బలహీనమవుతాయని ఒక కొసనే కోసినట్టున్నారు. ఎనిమిది మిల్లీమీటర్లు. కానీ బెజ్జం ఉన్నది కొస నుంచి ఆరు మిల్లీమీటర్ల దూరంలో. అది కోతతోపాటే పోయింది. పన్నెండూ అయిదుకు తిరిగి వచ్చారు. కొలిచి, "యాభై తొమ్మిది పాయింట్ ఎనిమిది" అన్నాను. "సరిపోయింది మేడమ్," అంది లెక్చరరమ్మ.

"ఆ తీగేంటి?" అని అడిగాను.

"పిన్ను బెజ్జం పోయిందండి. కట్టుతీగ చుట్టాం."

"గట్టిగా చుట్టండి," అన్నాను. ఆ రోజు వాళ్లకు నేను చేసిన సాయం అంతవరకే.

ఒంటిగంటా అయిదుకు వాళ్ల బండి మట్టిలోకి దిగింది. పెద్దమ్మాయి తోసింది. ఆరు మీటర్ల దాకా ముప్పై ఎడాలు పడ్డాయి. ఒక్కటి కూడా తప్పలేదు. తోటి పిల్లలు కూడా మాటలు ఆపి చూశారు. అక్కడ తీగ జారింది. చక్రం ఊడి పక్కకు పడింది, బండి ఒరిగింది, నూనె డబ్బాలోని గింజలన్నీ మట్టిలో కుప్పగా పడ్డాయి.

"కోళ్లకి భోజనాలు రెడీ," అన్నాడెవడో గుంపులోంచి. అందరూ నవ్వారు.

నలుగురూ మట్టిలో కూర్చుని గింజలు ఏరుకున్నారు. నేను కుర్చీలోంచి చూస్తూ, ముందే సరిగ్గా కొలుచుకుని ఉంటే ఈ అవస్థ ఉండదు కదా అనుకున్నాను. ఈ వాక్యం రాయకుండా వదిలేద్దామని రెండు రోజులు చూశాను. అనుకున్న మాట నిజం కాబట్టి రాశాను.

ఒంటిగంటా నలభైకి భోజనాలు పెట్టారు. పెరుగన్నం పక్కన పెట్టుకుని రెండు కాగితాలూ సరిచూడటం మొదలుపెట్టాను, ఒకటి కుర్ర లెక్చరర్ రాసింది, రెండోది లెక్చరరమ్మ రాసింది. కూడికలు సరిచూడకుండా అన్నం తినడం నాకు అలవాటు లేదు. నాలుగో నంబరు జట్టు రెండు కాగితాల్లోనూ ఉంది. పిడి మార్చుకుని రెండోసారి వచ్చిన జట్టు అదే. పొద్దున యాభై రెండు పాయింట్ మూడు. రెండోసారి యాభై మూడు పాయింట్ మూడు.

పిడి మారిస్తే వెడల్పు మారదు. ముందు, కుర్ర లెక్చరర్ పొరబడ్డాడనుకున్నాను. తర్వాత రెండు అంకెల మధ్య తేడా సరిగ్గా ఒకటి అని కనబడింది. లెక్చరరమ్మ నా ఎదురుగానే కూర్చుని తింటోంది.

"అమ్మా, నేను చదివినదాంట్లో ఒకటి తీసి రాశారు కదా?"

"ఒకటేంటి మేడమ్?"

పక్క బల్ల మీద ఎవరో ఆవకాయ అడుగుతున్నారు. ఆ మాట ఎక్కడో నూతిలోంచి వినబడినట్టుంది. అరవై పాయింట్ ఆరులోంచి ఒకటి తీస్తే యాభై తొమ్మిది పాయింట్ ఆరు. ఒకటో తరగతి లెక్క. కాగితం అంచున మూడుసార్లు వేసి చూశాను. మూడుసార్లూ నాలుగు మిల్లీమీటర్లు తక్కువే వచ్చింది. వాళ్ల బండి మొదటినుంచీ హద్దులోనే ఉంది. కోయాల్సిన అవసరమే లేని ఇరుసును నా మాట మీద కోసుకున్నారు.

"ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ" అని లెక్చరరమ్మ నా చెవి పక్కనే అంది. నేను చదివింది అరవై పాయింట్ ఆరే. అందులోంచి ఒకటి తీయలేదని ఆ మాటలోనే తెలుస్తోంది. ముప్పై మూడేళ్లు ఒకటి తీయించిన మనిషికి అది వినబడలేదు. అలవాటు ప్రకారం అంకెను వదిలేశాను, అలవాటు ప్రకారం తల ఊపాను.

కాగితాలు తీసుకుని మెకానికల్ అధిపతి దగ్గరికి వెళ్లాను. ఆయన వేదిక మీద పూలకుండీలు సర్దిస్తున్నారు. విన్నారు.

"ఒక్క సెంటీమీటరే కదా మేడమ్."

"ఆ ఒక్క సెంటీమీటరుకే మీ మావయ్య చేత గోడ పడగొట్టించాను."

ఆయన గొంతు తగ్గించారు. "ఇప్పుడు చెబితే మిగతా జట్లు గొడవ చేస్తాయండి. ఆ పిల్లలకు తెలీదు కూడా. వాళ్లేం అడగలేదుగా. సాయంత్రం విడిగా పిలిచి మంచి మాట చెప్పి, సర్టిఫికెట్ ఇద్దాం."

నిజం చెప్పాలి. వాళ్లకు తెలీదు అని ఆయన అన్నప్పుడు, ఒక్క క్షణం నాకు ఊరటగా అనిపించింది. ఆ ఊరట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కొలత తప్పినందుకంటే దానికే నేను ఎక్కువ భయపడ్డాను. ఇంకాసేపు అక్కడే ఉంటే ఒప్పుకుంటానేమోనని, ప్రధాన న్యాయనిర్ణేత దగ్గరికి నడిచాను.

ఆయన విజయవాడ నుంచి వచ్చిన పెద్దమనిషి, వ్యవసాయ యంత్రాల పనిలో తల పండినవాడు. నేను చెప్పిందంతా విని, ఎలా జరిగిందని గానీ ఎవరి తప్పని గానీ అడగలేదు.

"ఇంకో ఇరుసు ఉందా?"

"లేదండి."

"చేయించుకు రండి. అయిదింటికి నా కారు. నాలుగున్నర లోపు బండి మట్టిలో ఉంటే చూస్తాను. మిగతా జట్లకు సంగతి మీరే చెప్పాలి, నేను చెప్పను."

పిల్లలు సైకిళ్ల షెడ్డులో నేల మీద కూర్చుని డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం తింటున్నారు. వాళ్ల ముందు నిలబడి చెప్పాను. నేను కొలిచింది తప్పు, మీ బండి సరిగ్గానే ఉంది, కోయాల్సింది కాదు. పొద్దున చివర నిలబడ్డ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. పెద్దమ్మాయి నోట్లో ముద్ద నమిలి మింగింది.

"పర్లేదండి మేడమ్," అంది.

నన్ను తిట్టినా అంత అదిరిపోయేదాన్ని కాదు. ఆ పిల్ల మర్యాదకు అన్నట్టు లేదు. నిజంగానే పర్లేదనుకుంటోంది.

"పర్లేదు కాదు. లే. ఇరుసు ఊడదీసి పట్టుకో," అన్నాను.

ఇద్దరం ఆటోలో బైపాస్ రోడ్డు మీదున్న లేతు షాపుకి వెళ్లాం. షాపతను యాభై ఏళ్ల మనిషి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఇరుసు అందుకున్నాడు.

"నాలుగు నూళ్ల కడ్డీ. పొడవెంతమ్మా?"

"అయిదు వందల తొంభై ఆరు మిల్లీమీటర్లండి," అంది పిల్ల.

"ఆ లెక్క కాలేజీలో పెట్టుకో. నాకు అంగుళాలు, నూళ్లల్లో చెప్పు."

అంగుళానికి ఎనిమిది నూళ్లు. ఆ పిల్లకు నూలంటే తెలియదు. నేను మనసులో లెక్క కట్టి, "ఇరవై మూడంగుళాల మూడున్నర నూళ్లు" అన్నాను. అసలుకు ముప్పావు మిల్లీమీటరు తక్కువ వస్తుంది, పర్వాలేదు.

"ఇదీ మనిషి మాట. రేపొద్దున రండి."

"రేపు కుదరదు. ఇప్పుడే కావాలి. నేను కొలత తప్పు చెప్పి ఈ పిల్ల చేత ఇరుసు కోయించాను."

అతను కళ్లద్దాలు సర్దుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మీరు కాలువ ఆఫీసు మేడమ్ కదా? మా నాన్న లస్కరండి. మీ కింద చేశాడు." కోసిన కొసను వేలితో తడిమి అడిగాడు. "మరి మీ ఒకటి ఎవరూ తియ్యలేదా?"

నేను అక్కడున్న ఇనప స్టూలు మీద కూర్చున్నాను. తిరువూరు బైపాస్ రోడ్డులో లేతు తిప్పుకునే మనిషికి తెలిసిన సంగతి, నా పక్కన కూర్చుని రాస్తున్న మనిషికి తెలియదు. చెప్పాల్సింది నేను. అతను చేతిలో ఉన్న వేరే పని దించి మాది ఎక్కించాడు. నలభై నిమిషాల్లో కడ్డీ కోసి, కొసలు నున్నగా చేసి, బెజ్జాలు వేసి ఇచ్చాడు.

నాలుగు కావొస్తుండగా కాలేజీకి చేరాం. పిల్లలు ఇరుసు బిగిస్తుంటే నేను వెళ్లి మైకు అడిగాను. మెకానికల్ అధిపతి ఇవ్వడానికి ఇబ్బంది పడ్డారు గానీ ఇచ్చారు. పద్నాలుగో నంబరు బండిని నేను తప్పు కొలిచాను. బండిలో లోపం లేదు. తప్పు నాది, రాసిన లెక్చరర్‌ది కాదు. ఆ బండికి మళ్లీ అవకాశం ఇస్తున్నారు. నాలుగు వాక్యాలు చెప్పి మైకు దించాను. గొడవ అవుతుందనుకున్నాను. చప్పట్లు కొట్టారు. తప్పు చేసినందుకు జీవితంలో మొదటిసారి చప్పట్లు వచ్చాయి, ఒప్పు చేసినన్నాళ్లూ ఎవరూ కొట్టలేదు.

నాలుగూ ఇరవైకి బండి మట్టిలోకి దిగింది. పొద్దుటినుంచి పద్నాలుగు బళ్లు నడిచిన మట్టి అది, అడుగు గట్టిపడింది, కొన్నిచోట్ల గింజ పైనే ఉండిపోయింది. చక్రం ఊడలేదు. చివరిదాకా వెళ్లింది. డెబ్బై ఒకటి. మొదటి జట్టుకు డెబ్బై నాలుగు, రెండో జట్టుకు డెబ్బై రెండు. మా పిల్లలది మూడో స్థానం.

మధ్యాహ్నం మెత్తటి మట్టిలో ముప్పైకి ముప్పై పడ్డాయి. ఆ చొప్పున లెక్క కడితే డెబ్బై అయిదుకు డెబ్బై అయిదు. అలా లెక్క కట్టకూడదని నాకు తెలుసు. కట్టాను. ఆ వారమంతా కడుతూనే ఉన్నాను.

అయిదుంబావుకి అంతా అయిపోయింది. బహుమతులు ఇచ్చేశారు, న్యాయనిర్ణేత కారెక్కి వెళ్లిపోయారు. ప్రతి జట్టూ తమ బండి కొలతలు రాసుకున్న పుస్తకంలో కొలతల మనిషి సంతకం తీసుకోవాలి. ఆడపిల్లలు చివర వచ్చారు. పుస్తకం తెరిచాను. శుభ్రమైన రాత. వెడల్పు అన్నచోట యాభై తొమ్మిది పాయింట్ ఆరు అని నాలుగుసార్లు, నాలుగు రకాల చేతిరాతలతో ఉంది. పక్కన నాలుగు పొట్టి సంతకాలు. ఆ నాలుగింటి మీదా అడ్డంగా ఒక గీత. కింద అరవై పాయింట్ ఆరు.

"ఇది ఎప్పుడు రాశారు?"

"పొద్దున మీరు కొలిచాకండి," అంది పెద్దమ్మాయి.

"పైన నాలుగుసార్లు ఉందేంటి?"

"ఇంటి దగ్గర నలుగురం తలోసారి కొలిచామండి. ఒకళ్లది ఒకళ్లం చూడకుండా."

పొద్దున నేను ఒక్క అంకె చదివి సరేనని తల ఊపాను. వాళ్లు నాలుగుసార్లు, ఒకరిది ఒకరు చూడకుండా కొలుచుకున్నారు. నా ఉద్యోగంలో నేను ఏ సెక్షన్ ఆఫీసరు చేతా అంత జాగ్రత్తగా కొలిపించలేకపోయాను.

"నలుగురికీ ఒకటే వస్తే, పొద్దున నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తప్పు కొలవరని మా సార్ చెప్పారండి. మా టేపే తేడా అనుకున్నాం."

"ఏదీ ఆ టేపు?"

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరి పిల్ల చెప్పింది.

"చెత్తబుట్టలో వేసేశామండి."

వాళ్లు ఆఖరు సంవత్సరం ఇంజనీరింగ్ పిల్లలు. అరిగిపోయిన స్కేలు పట్టుకున్న ముసలిదాని మాట విని, నాలుగుసార్లు నిజం చెప్పిన టేపును పారేశారు. వాళ్లు ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నారు, సంతకం కోసం. పెద్దమ్మాయి పెన్ను తీసి, వేలితో రెండు అంకెలూ చూపించింది.

"ఇప్పుడు ఏది ఉంచమంటారు మేడమ్?"

ఇది వింతగా ఉంది కదూ. మైకులో నేను తప్పని చెప్పాను. ఈ పిల్ల ఎదుటే కొత్త ఇరుసు చేయించాను. అయినా ఏ అంకె ఉంచాలో నన్నే అడుగుతోంది.

"ముందు వెళ్లి ఆ టేపు తెచ్చుకోండి," అన్నాను.

ఇద్దరు పిల్లలు పరుగెత్తారు. టీ కప్పుల కింద దొరికిందట. చున్నీతో తుడుచుకుంటూ తెచ్చారు. నలుగురూ బండి చుట్టూ గొంతుక్కూర్చున్నారు. ఒకరు చివర పట్టుకున్నారు, ఒకరు లాగారు. పెద్దమ్మాయి వంగి చూసింది, మళ్లీ చూసింది, లేచి నా దగ్గరికి వచ్చింది.

"యాభై తొమ్మిదిన్నర వస్తోందండి. ఆ రెండూ కాదు. మీరొకసారి చూస్తారా మేడమ్?"

"చూడను."

ఆ పిల్ల నా మొహం చూసింది. తర్వాత చుట్టూ చూసింది, ఇంకెవరైనా పెద్దవాళ్లు ఉన్నారేమోనని. షామియానా విప్పుతున్న మనుషులు తప్ప ఎవరూ లేరు. పుస్తకం బండి మీద పెట్టుకుని, తను చూసిన అంకె రాసింది.